వైద్యవృత్తులు – మన విద్యార్థులు

పెద్దవారైన పిదప ఏమి కాగోరుచున్నారని మన పై తరగతుల విద్యార్థుల నడిగినచో, పలువురు "డాక్టరు" అని యుత్తర మిత్తురు. కోరిక మంచిదే. కాని యా మాట కొరకు వేరుసెనగ చేలు తాకట్టు పడుచున్నవి. నీటు పరీక్షలో సీటు రానినాడు పిల్లలు తమ చదువే వ్యర్థమైనదని క్రుంగిపోవుచున్నారు. వైద్యసేవ యనగా డాక్టరు పని యొక్కటియే యను తలంపు పోవలెనని మా యభిప్రాయము.

పూర్వచరిత్రము చూతము. కూగ్లరు దొరసానిగారు 1883లో గుంటూరునకు వచ్చి, 1898లో వైద్యశాల తెరచిరి. వేలూరులో ఐడా స్కడ్డరుగారు 1909లో నర్సుల బడిని, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను స్థాపించిరి. నర్సుల బడియే ముందు పుట్టినదని గమనింపవలెను. మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1915లో వెలసినది. అప్పటికి క్షయను కుదుర్చు మందు లేదు. విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, పరిచర్య యివియే చికిత్స. పరిచర్య చేయువారు లేనిచో డాక్టరు చేయగలిగినది స్వల్పము.

1946లో భోరు సంఘమువారు ఈ దేశమున 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు ఉన్నారని తెలిపిరి. కాలము మారినది. 1956లో కర్నూలునందును, 2023లో నంద్యాలయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. అయినను నర్సుపని తక్కువ పని యను భావము మన యిండ్లలో ఇంకను పోలేదు.

మన డోన్ సంగతియే యాలోచింపుడు. ఇది రైళ్ల కూడలి. 44వ నెంబరు రహదారి యిటనే పోవుచున్నది. చేరువనే బేతంచెర్ల నాపరాతి గనులు. దారిలో గాయపడినవానిని మొదట తాకు చేయి 108 బండిలోని సహాయకునిది. రాతిదుమ్ముచే చెడిన యూపిరితిత్తులకు ఎక్స్‌రే తీయువాడొకడు, రక్తము పరీక్షించువాడొకడు, మందులిచ్చువాడొకడు. పల్లెలో టీకాలు వేయుచు గర్భిణుల కనిపెట్టి యుండునది నర్సమ్మ. వీరిలో ఎవ్వరు లేకున్నను వైద్యము కుంటుపడును.

ఈ చదువులకు పట్టు కాలమును తెలిసికొనుట మంచిది. ఇంటర్మీడియటు పిమ్మట ఏ.ఎన్.ఎం. రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు, డి.ఫార్మసీ రెండేండ్లు, బి.ఫార్మసీ నాలుగేండ్లు. ఎం.బి.బి.ఎస్.కు, తరువాతి శిక్షణతో కలిపి, ఐదున్నరయేండ్లు పట్టును. బీదయింటి బిడ్డకు ఈ భేదము చిన్నది కాదు.

అయితే తియ్యని మాటలు మాత్రమే చెప్పి మేము మిమ్ము మోసగింపము. ప్రైవేటు ఆసుపత్రులలో క్రొత్తవారికి జీతము స్వల్పముగా నుండుట కలదు. రాత్రి పని తప్పదు. ప్రభుత్వ కొలువులకు పోటీ హెచ్చు. పట్టా చేతికి వచ్చినంతనే యుద్యోగము రాదు. కావున కళాశాలలో చేరుటకు ముందు రెండు ప్రశ్న లడుగుడు: దానికి సంబంధించిన కౌన్సిలు గుర్తింపు గలదా? విద్యార్థులు పని నేర్చుకొనుటకు తగినంతమంది రోగులుగల ఆసుపత్రి గలదా? భవనముల సొగసు చూచి రుసుము కట్టరాదు.

బాలికల తలిదండ్రులకు ఒక మనవి. రాత్రి పని యని బిడ్డను వారింపకుడు. మీ తల్లికి జబ్బుచేసిన రాత్రి మేలుకొని యుండునది మరియొకరి బిడ్డయే కదా! మగపిల్లలకు నర్సుపని తగదనుటయు సరికాదు.

మన పాఠశాలవారును పదవ తరగతి పిల్లలను ఏటికొకసారి ఆసుపత్రికి గొనిపోయి, అందలి పనులన్నియు చూపవలెను. అప్పుడు వారు డాక్టరు గదిని మాత్రమేగాక, ప్రక్కనున్న పరీక్షాగారమును, మందుల గదిని, రోగి మంచము చెంత నిలిచిన నర్సునుగూడ చూతురు. చూచి యెన్నుకొన్న పని నిలుచును. పరువుకొరకై యెన్నుకొన్నది నిలువదు.