తొమ్మిది గంటలు... పదమూడయ్యాయి!

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకి సుమారు 7,800 కిలోమీటర్లు. చిక్కల్లా ఒక్కటే, ఆ దారం దాదాపు అంతా రష్యా మీదే ఉంటుంది. 2022 ఫిబ్రవరి వరకూ ఫిన్‌ఎయిర్ విమానం ఈ దూరాన్ని తొమ్మిది గంటల పైచిలుకులో దాటేసేది. మరుసటి నెలకల్లా అదే ప్రయాణానికి 13 గంటలు పట్టసాగింది. విమానం మారలేదు, ఊళ్లూ జరగలేదు. ఉక్రెయిన్ యుద్ధంతో ఐరోపా దేశాలు రష్యా విమానాలను రావద్దన్నాయి. బదులుగా రష్యా 36 దేశాల విమానాలకు తన గగనతలాన్ని మూసేసింది.

మరి టోక్యో చేరేదెలా? దక్షిణంగా వెళ్లాలంటే టర్కీ, కాస్పియన్ సముద్రం, కజకిస్థాన్, చైనాల మీదుగా చుట్టు తిరగాలి. లేదంటే నేరుగా ఉత్తర ధ్రువం ఎక్కి, అలాస్కా వైపు దిగి, పసిఫిక్ మీదుగా పోవాలి. జపాన్‌కి ధ్రువం మీదుగా దారేమిటని గోడ మీది మ్యాపు చూసేవాళ్లకు అనిపిస్తుంది కానీ గ్లోబు తిప్పితే సందేహం తీరిపోతుంది. అయితే అక్కడ చలితో పెద్ద పేచీ. విమాన ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకే పైలట్లు ట్యాంకుల్లోని ఉష్ణోగ్రత మీద ఓ కన్నేసి ఉంచుతారు. అవసరమైతే కాస్త కిందికి దిగో, వేగం పెంచో ఇంధనాన్ని కాపాడుకుంటారు.

నిజానికి ఈ చుట్టుదారి ఫిన్లాండ్‌వాళ్లకు కొత్తేం కాదు. 1983 ఏప్రిల్‌లో పశ్చిమ ఐరోపా నుంచి జపాన్‌కి ఎక్కడా ఆగకుండా మొట్టమొదట వెళ్లింది వాళ్ల డీసీ-10 విమానమే. అప్పుడూ ధ్రువం మీదుగానే, అప్పుడూ సుమారు 13 గంటలే! సోవియట్ యూనియన్ తన మీదుగా పోనివ్వని రోజులవి. మిగతా కంపెనీల విమానాలు చాలావరకు అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి ఇంధనం నింపుకొనేవి. దిగిన జపాన్ ప్రయాణికుల కోసం ఆ విమానాశ్రయంలో వేడివేడి ఉడాన్ నూడిల్స్ కొట్టు కూడా వెలిసింది.

ఆ రోజుల్లో దారి తప్పితే ప్రాణాలే పోయేవి. అదే ఏడాది సెప్టెంబరు 1న యాంకరేజ్ నుంచి సియోల్ బయల్దేరిన కొరియా విమానం పొరపాటున సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. సఖాలిన్ దగ్గర యుద్ధవిమానం దాన్ని కూల్చేసింది. 269 మందీ చనిపోయారు.

తర్వాత ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి, సైబీరియా దారి తెరుచుకుంది. ఆసియాకి దగ్గరి దారి మాదేనంటూ హెల్సింకి మూడు దశాబ్దాలు వ్యాపారం చేసుకుంది. 2022లో ఆ మాటకే గండి పడింది. నాలుగు గంటలు అదనమంటే ఇంధనం ఖర్చు, సిబ్బంది జీతాలు, టికెట్ ధర అన్నీ పైకే.

మనకూ ఇది తెలియని కష్టమేం కాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసినప్పుడు, దిల్లీ నుంచి ఐరోపా, అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలూ అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. అమెరికా వెళ్లేవి కొన్ని మధ్యలో ఐరోపాలో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. పిల్లల్ని చూడ్డానికి బయల్దేరిన పెద్దవాళ్లకు అసలే కాళ్లు వాచే ప్రయాణం, దానికి మరికొన్ని గంటలు తోడు.

ఫిన్‌ఎయిర్ మాత్రం తన ప్రయాణికులకు ఓ చిన్న ఊరట కల్పించింది. ధ్రువం దాటినవాళ్లందరి చేతికీ 'ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించారు' అంటూ ఓ సర్టిఫికెట్ ఇచ్చింది.