చెయ్యి జారలేదు

పోయిన దసరాకు రామారెడ్డిలో మా ఇంటికి వెళ్ళాను. బతుకమ్మ రోజులు. ఒక పక్క సత్తుపిండి, మలీద ముద్దల హడావిడి. ఇంకో పక్క మా అన్న బిడ్డ చాక్లెట్ చిప్ కుకీలు చేస్తోంది. కామారెడ్డిలో డిగ్రీ చదువుతూ, చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పిన డబ్బుతో ఒక చిన్న ఓవెన్ కొనుక్కుంది. దానికి కరకరలాడే బిస్కెట్ అక్కర్లేదు. అంచు కాస్త గట్టిగా ఉండాలి, నడుమ మెత్తగా ఉండాలి, నమిలితే సాగాలి. ఆ సాగుడు కోసం నెల రోజులుగా తంటాలు పడుతోందట.

చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషి ఒకాయన నాలుగు తిని, చెయ్యి దులుపుకుని మెచ్చుకున్నాడు. "ఆడపిల్లల చేతిలనే ఉంటది గదా. అసలు ఈ బిస్కెట్ గూడ అమెరికాల ఎవరో ఒకామె చెయ్యి జారి చాక్లెట్ పిండిల పడితే పుట్టిందట" అన్నాడు. అందరం నవ్వాం. స్త్రీవాదం గురించి పాతికేళ్ళుగా రాస్తున్న నేను కూడా నవ్వాను. మా మేనకోడలు మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "చూడు అత్తా, నా చెయ్యి ఎన్నిసార్లు జారిందో" అంది.

అందులో ఏడు ప్రయత్నాలు తేదీలతో సహా రాసి ఉన్నాయి. మొదటిసారి పంచదార ఒక్కటే వేసింది. కరకరలాడాయి. రెండోసారి వెన్న కరిగించి పోసింది. పల్చగా పాకిపోయాయి. మూడోసారి సగానికి పైగా బెల్లం పొడి వేసింది. సాగుడు వచ్చింది కానీ పాకడం ఆగలేదు. నాలుగోసారి మైదా పెంచితే కేకులాగా పొంగాయి. అయిదోసారి ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచితే రాళ్ళయ్యాయి. ఆరోసారి పిండి కలిపి ఉండలు చేసేసరికి కరెంటు పోయింది. ఉండలను ఫ్రిజ్‌లో పెట్టి పడుకుంది. తెల్లారి కాలిస్తే కావలసిన కుకీ వచ్చింది. ఏడోసారి కరెంటు ఉన్నా కావాలనే రాత్రంతా ఉంచింది. మళ్ళీ అదే ఫలితం.

కరెంటు పోవడం ఆమె చేసిన పని కాదు. ఆ రాత్రికీ ఆ మెత్తదనానికీ సంబంధం ఉందని పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని మళ్ళీ చేసి తేల్చుకోవడం, రాసిపెట్టుకోవడం ఆమె చేసిన పనులు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రయోగశాలలో గాజుపళ్ళెంలోకి ఒక బూజు వచ్చి చేరింది. దాని చుట్టూ సూక్ష్మజీవులు చచ్చిపోవడం ఆయన గమనించాడు. 1945లో నోబెల్ బహుమతి అందుకున్నవాళ్ళలో ఆయన ఒకడు. అదృష్టం కొద్దీ ఆయన చేతికి పెన్సిలిన్ తగిలిందని ఎవరూ ఎగతాళిగా నవ్వరు. మగవాడి ముందు జరిగిన ప్రమాదం ఆవిష్కరణ అవుతుంది. ఆడదాని ఆవిష్కరణేమో ప్రమాదంగా మిగులుతుంది.

ఆ అమెరికా ఆమె విషయంలో అసలు ప్రమాదమే లేదు. ఆమె పేరు రూత్ వేక్‌ఫీల్డ్. 1924లో మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ నార్మల్ స్కూల్‌లో గృహవిజ్ఞానం చదివి బయటికి వచ్చింది. ఆహార నిపుణురాలిగా పనిచేసింది. 1930లో భర్తతో కలిసి విట్‌మన్ పట్టణంలో టోల్ హౌస్ ఇన్ అనే భోజనశాల నడపడం మొదలుపెట్టింది. తన వంటల పుస్తకం ముందే అచ్చులో ఉంది. 1938 నాటి కూర్పులో ఈ కుకీ చేరింది. గింజలు అయిపోతే గత్యంతరం లేక చాక్లెట్ ముక్కలు వేసిందని ఒక కథ. మిక్సర్ అదురుకు అటక మీది చాక్లెట్ పిండిలో పడిందని ఇంకో కథ. ఆమె చెప్పింది వేరు. ఐస్‌క్రీమ్‌తో ఇస్తున్న పల్చటి కుకీ అందరికీ నచ్చినా, ఇంకేదైనా కొత్తది ఇద్దామని ప్రయత్నించి దీన్ని తయారుచేశానంది. వంటశాస్త్రం చదివి, ఏళ్ళ తరబడి భోజనశాల నడిపిన మనిషికి చాక్లెట్ వేడికి ఏమవుతుందో తెలియదని నమ్మడం మనకు ఎంత సులువో చూడండి.

ఆ కథలు ఊరికే పుట్టలేదు. వాటివల్ల లాభం ఉంది. చెయ్యి జారి పడినదానికి ధర ఎవరు కడతారు? 1939 మార్చిలో ఆ కుకీ తయారీ విధానాన్నీ, టోల్ హౌస్ పేరునూ వాడుకునే హక్కు నెస్లే కంపెనీకి దక్కింది. ధర ఒక్క డాలరని, ఆ డాలరు కూడా తనకు అందలేదని ఆమె తర్వాత చెప్పిందని అంటారు. బతికినంత కాలం ఉచితంగా చాక్లెట్, సలహాదారుగా కొంత డబ్బు ఇచ్చారట. 1977లో ఆమె చనిపోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ ఒక మరణవార్త రాయలేదు. విస్మరించినవాళ్ళకు ఆలస్యంగా నివాళి రాసే శీర్షికలో 2018లో ఆమె వంతు వచ్చింది.

నన్ను డాలరు కంటే ఎక్కువ బాధించిన సంగతి ఇంకొకటి ఉంది. తమ దగ్గర ఈ పిండిని రాత్రంతా చల్లగా ఉంచుతామని వేక్‌ఫీల్డ్ తన పుస్తకంలో రాసింది. కంపెనీ ప్యాకెట్ వెనక అచ్చేసిన విధానంలో ఆ మాట లేదు. 2008లో ఒక అమెరికన్ పత్రికా రచయిత ముప్ఫయ్యారు గంటలు ఉంచితే కుకీ ఎంత మారిపోతుందో రాసినప్పుడు జనం కొత్త రహస్యం దొరికినట్టు సంబరపడ్డారు. ఆమె కుకీ చిన్నది, కరకరలాడేది. ఈనాటి మెత్తటి కుకీ ఆ తర్వాత ఎన్నో చేతుల్లో తయారైంది. కానీ ఆ రాత్రి సంగతి ఆమెకు ముందే తెలుసు. పిండి తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. గట్టిపడిన వెన్న ఓవెన్‌లో ఆలస్యంగా కరుగుతుంది. అందుకే కుకీ పాకకుండా నిలబడుతుంది.

ఆడవాళ్ళ పనిలోంచి మొట్టమొదట కొట్టివేసేది కాలాన్నే. నానబెట్టిన రాత్రి లెక్కలోకి రాదు. పులిసేదాకా కనిపెట్టుకుని ఉండటం లెక్కలోకి రాదు. 2024 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజుకు 289 నిమిషాలు పెడితే, మగవాళ్ళు 88 నిమిషాలు పెట్టారు. మా ఇంట్లో ఆ రోజు ఆరు కుకీలు తిన్న మా అన్న కొడుకు ప్లేటు కూడా తీయలేదు. వాణ్ణి ఏ లెక్కలో వేయాలి?

నోట్‌బుక్‌లో ఇంకో వరుస ఉంది. "బెల్లం సంగతీ, ముందుగాల తీసుడూ: నానమ్మ" అని. అడిగితే చెప్పింది. గట్టిపడిన అయిదోసారి కుకీని మా అమ్మ కొరికి చూసి, "పాకం ముదిరితె అరిసె గిట్లనే గట్టివడ్తది బిడ్డా. నడుమ ఇంక పచ్చిగున్నదనంగనే బయటికి తియ్యాలె. ఆరంగ ఆరంగ అదే కుదుర్కుంటది" అందట. ఇంగ్లీషు వంట పుస్తకాలు మెత్తటి కుకీకి బ్రౌన్ షుగర్ వాడమంటాయి. అది మొలాసిస్ కలిసిన పంచదార. తేమను పట్టి ఉంచుతుంది, అందుకే సాగుతుంది. కామారెడ్డి బెల్లానికి పేరున్న చోటు. ఇక్కడ బెల్లం వానాకాలంలో చెమ్మగిల్లుతుందని, డబ్బా మూత బిగించాలని తెలియని ఇల్లాలు ఉండదు. తేమను పట్టే గుణం అంటే అదే. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని వేళ్ళ మధ్య సాగదీసి వేడిని కొలిచే మా అమ్మకు థర్మామీటర్ పేరు తెలియకపోవచ్చు. ఏ కొలత దగ్గర ఏం జరుగుతుందో తెలుసు. దాన్ని మనం ఏమన్నాం? చేతిగుణం అన్నాం.

డాక్టరును కూడా హస్తవాసి మంచిదంటాం. అంతమాత్రాన ఆయన ఫీజు తగ్గించుకోమనం. ఆయన చదువు ముందు, హస్తవాసి తర్వాత. వంట చేసే ఆడదానికి మాత్రం చేతిగుణంతోనే అన్నీ సరి. గుణం పుట్టుకతో వస్తుంది కనుక దానికి శిక్షణ లేదు, ప్రయోగం లేదు, జీతం అంతకన్నా లేదు. పిండివంటల దుకాణాల బోర్డుల మీద 'స్వగృహ' అన్న మాట ఎన్నిచోట్ల చూశాం! గృహం పేరు ఉంది. గృహంలో నేర్చుకుని అక్కడ వండుతున్న ఆమె పేరు ఏ బోర్డు మీద ఉంది?

మా ప్రాంతంలో ఇంటిపనికి కూడా లెక్క కట్టవచ్చని రుజువు చేసిన వస్తువు ఒకటుంది. బీడీల చాట. కామారెడ్డి, నిజామాబాదు పల్లెల్లో ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి వెయ్యికింత అని చేస్తారు. కూలి తక్కువే. బాగాలేవని కొన్ని పక్కన పడేస్తే ఆ నష్టం వాళ్ళదే. అయినా ఇంట్లో కూర్చుని చుట్టే మనిషి కూడా కార్మికురాలేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఒప్పుకుంది. అదే అరుగు మీద, అవే చేతులు పిండి కలిపితే అది పని కాకుండా పోయి 'హాబీ' అవుతుంది. ఖాళీగా ఉన్న గృహిణులు ఇంట్లోనే బేకింగ్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చని సలహాలిచ్చేవాళ్ళు ఆ 'ఖాళీ' ఎవరికి ఉందో ముందు చెప్పాలి. ఇంటి నుంచి చేసే శ్రమకు హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

ఇప్పుడు మనవైపు వేలు తిప్పుకుందాం. విమల 'వంటిల్లు' కవిత వచ్చినప్పుడు, 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పుడు వంటింటి గోడల గురించి మాట్లాడటం తప్పనిసరి. ఇప్పటికీ తప్పనిసరే. కానీ గోడల గురించి రాసి, లోపల మన తల్లులు తయారుచేసిన విజ్ఞానం గురించి రాయడం మానేశాం. వంటల పేజీ అంటే మనకు చులకన. ఆ పేజీని ప్రకటనలకీ కంపెనీలకీ వదిలేశాం. వాళ్ళు రాత్రిని కొట్టివేసి, పేరును కొట్టివేసి, ప్యాకెట్ వెనక అచ్చేసుకున్నారు. వంట గురించి రాస్తే మళ్ళీ ఆడవాళ్ళను పొయ్యి దగ్గరికి తోసినట్టు కాదా అని స్నేహితులు అడుగుతారు. పొలంలో వెట్టి చేసిన మనిషి వెట్టిని వదిలించుకుంటుంది. విత్తనం గురించి తనకు తెలిసినదాన్ని దొరకు వదిలేసి పోదు. వంట మగవాళ్ళూ చేయాలి. ఆడవాళ్ళు ఇంతకాలం తేల్చినదాన్ని అదృష్టం అనకుండా, వాళ్ళ దగ్గర చదువు నేర్చుకున్నట్టు నేర్చుకుని చేయాలి.

ఇంకో ప్రశ్న నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నాట్లకు, కోతలకు పోయే ఆమె ఇంట్లో చాక్లెట్ ఎక్కడిది, ఈ కుకీ గొడవ ఎవరికి అని. నిజమే. వేక్‌ఫీల్డ్ వంటశాలలో స్యూ బ్రైడ్స్ అనే సహాయకురాలు ఉండేదని, ఈ కుకీలో ఆమె పాలు కూడా ఉందని చెబుతారు. వేక్‌ఫీల్డ్ పేరు తెలిసినవాళ్ళకు కూడా ఆమె పేరు తెలియదు. మా ఇంట్లోనూ అంతే. సంక్రాంతికి సకినాలు చుట్టడానికి ఒకామె కూలికి వచ్చేది. బట్ట మీద వేళ్ళతో ఆమె తిప్పిన చుట్టు తెగేది కాదు. రోజు కూలి, పోయేటప్పుడు ఒక గిన్నెలో నాలుగు సకినాలు. పెట్టెల్లో హైదరాబాదుకీ, అమెరికాకీ వెళ్ళినవి మాత్రం "మా అమ్మ సకినాలు". ఆ మాట అన్నది నేనే, ఎన్నోసార్లు. పేరు కొట్టివేయడం కంపెనీలకే చేతనవుననుకుంటే పొరపాటు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. వంట గురించి రాసేటప్పుడు ఎవరి దగ్గర నేర్చుకున్నామో రాద్దాం. కొలత రాద్దాం, పట్టిన కాలం రాద్దాం. మా మేనకోడలి కొలత ఇది: మైదా 225 గ్రాములు, కరిగించి చల్లార్చిన వెన్న 150, బెల్లం పొడి 150, పంచదార 75, ఒక గుడ్డు, ఇంకో గుడ్డు పచ్చసొన, అర చెంచా వంటసోడా, పావు చెంచా ఉప్పు, చాక్లెట్ ముక్కలు 170 గ్రాములు. ఉండలు చేసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో. 175 డిగ్రీల వేడిలో పన్నెండు నిమిషాలు. నడుమ ఇంకా పచ్చిగా ఉందనగానే బయటికి.

పండుగ అయ్యాక పక్కింటివాళ్ళు పాప పుట్టినరోజుకు నలభై కుకీలు కావాలన్నారు. "సామాను ఖర్చు ఇస్తం బిడ్డా, ఇంట్లనే గదా చేసేది" అన్నారు. ఆమె చీటీ రాసింది. సామాను ఇంత, కరెంటు ఇంత, డబ్బాలు ఇంత. నాలుగో వరుసలో "పని: నాలుగు గంటలు" అని రాసి, పక్కన డబ్బు వేసింది. వాళ్ళు ఆ చీటీ చాలాసేపు చూశారు. చివరికి కామారెడ్డిలో ఒక బేకరీ నుంచి కేకు తెప్పించుకున్నారు. అక్కడ పని ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది, ఎవరూ విడిగా అడగరు. మా వదిన బాధపడింది, నాలుగో వరుస రాయకుండా ఉంటే పోయేదని. ఆర్డరు పోయింది. ఆ వరుసను మాత్రం మా మేనకోడలు కొట్టివేయలేదు.