కోట చూచితిమి, మన అటక చూచుకొంటిమా?

గత ఆదివారము హైదరాబాదు నుండి వచ్చిన బంధువులను బీదరు కోటకు తోడ్కొని పోయితిని. రంగీన్ మహలు గోడలలోని ముత్యపుచిప్ప పనితనమునకు వారు ముచ్చటపడిరి. పిమ్మట, పూర్వము రాజుల స్నానశాలగా నుండిన కట్టడములోని ప్రదర్శనశాలకు పోయితిమి. శిల్పములు, ఆయుధములు చూచి వెలుపలికి వచ్చిన తోడనే మా బావగారు, "ఇందులో తెలుగువారి ఊసేది?" అని అడిగిరి.

ఈ మాటయే మన సంఘములోను తరచుగా వినబడుచున్నది. అధికారులు మనలను మరచిరనియు, అచ్చట తెలుగు ఫలకము పెట్టింపవలెననియు కొందరు మహజరు వ్రాయబూనుచున్నారు. నేను వారితో ఏకీభవింపజాలను.

చరిత్రలో మనకు చోటు లేక కాదు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుఘ్ ఖాను ఓరుగల్లుపై దండెత్తుచు త్రోవలో బీదరును పట్టుకొనెను. బహమనీ ప్రధాని మహమూదు గవాను 1481లో మరణశిక్ష పొందినది తెలుగుగడ్డయగు కొండపల్లిలోనే. బీదరు దర్బారు పక్షమున తెలంగాణమును పాలించిన సుల్తాన్ కులీ గోల్కొండ రాజ్యమునకు మూలపురుషుడయ్యెను. ఇవి పుస్తకములందున్నవి. కాని అంగడి పెట్టుకొని బ్రతికిన తెలుగువాని సంగతి ఏ సుల్తాను శాసనమున చెక్కించును? అది మన యిండ్లలోని కాగితములలోనే యుండవలెను. అవి యేవి?

సిగ్గు విడిచి చెప్పుచున్నాను. మా తాతగారి చిట్టా ఆవర్జాలు, నిజాము కాలపు ఉర్దూ దస్తావేజులు రెండు గోనెసంచుల నిండ అటకపై నుండెను. దుకాణము బాగుచేయించిన నాడు, చెదలు పట్టినవని నేనే వానిని పాత కాగితములవానికి తూకమున కిచ్చితిని. వచ్చిన పైకము కూలీల టీ ఖర్చునకైన చాలలేదు. ఏ యూరి సరకు ఏ ధరకు వచ్చెనో, ఎవరికి అరువిచ్చిరో, 1956 నవంబరు 1న జహీరాబాదు, నారాయణఖేడు మెదకు జిల్లాకును, బీదరు మైసూరు రాష్ట్రమునకును చేరిన పిమ్మట మా బేరము లెట్లు మారెనో, ఇక చెప్పువారు లేరు. ఇది ఏ అధికారి చేసిన అన్యాయము?

భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు రాజ్యాంగములోని 29వ అధికరణము మనకిచ్చినదని సభలలో చప్పట్లు కొట్టుచున్నాము. కాపాడుటకు వస్తువే లేనిచో హక్కేమి చేయును?

బిద్రి పనివాడు కోటలోని మన్ను తెచ్చి నవాసారముతో కలిపి పూయగా పాత్ర నల్లబడి, పొదిగిన వెండి మెరయును. మనము త్రొక్కి పోవు మన్నే వానికి ధనము. అటకమీది కాగితములును అట్టివే.

కావున మహజరు ప్రక్కన పెట్టుడు. ఈ పండుగకు ఇల్లు దులుపునపుడు లెక్కల పుస్తకములు, క్రయపత్రములు, శుభలేఖలు, ఉత్తరములు పారవేయకుడు. సంఘమున కొక బీరువా నేనిచ్చెదను. తెచ్చిన ప్రతిదానిపై ఇంటివారి పేరు వ్రాసి భద్రపరతము. ఆ బీరువా నిండిన నాడు ప్రదర్శనశాలవారి తలుపు తట్టుదము. అందాక వారిని నిందించుటకు మనకు మొగము చాలదు.