కొండ మీది ఖనిజం, కొండ కింది లెక్క

నర్సీపట్నం మీదుగా చింతపల్లి వెళ్ళినవారికి లంబసింగి మంచు గుర్తుంటుంది. ఈ వైపు మన్యపు దారులు ఎలా పడ్డాయన్నది అంతగా గుర్తుండదు. ఆంగ్లేయుల పాలనలో గిరిజనుల చేత చాలీచాలని కూలికి బలవంతంగా రోడ్ల పని చేయించారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును, అటవీ ఫలసాయాన్ని ఆంక్షలలో బిగించింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసుస్టేషనుపై దాడి చేయడం వెనుక ఈ రెండు బాధలూ ఉన్నాయి.

దీనిని వీరగాథగా మాత్రమే చెప్పుకుని ఊరుకోవడం నాకు నచ్చదు. అడవి ఎవరిది, దాని విలువ కట్టేదెవరు అన్నది అందులోని అసలు ప్రశ్న. ఆ ప్రశ్న ఇంకా తీరలేదు.

నర్సీపట్నానికి చేరువలో, మాకవరపాలెం మండలం రాచపల్లిలో, ఒక అల్యూమినా కర్మాగారం కట్టారు. 2007లో కుదిరిన ఒప్పందం ప్రకారం దానికి కావలసిన బాక్సైటు చింతపల్లి కొండల నుండి రావాలి. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రైవేటు సంస్థలకు గనులు లీజుకివ్వడం చెల్లదని సమత కేసులో సుప్రీంకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది. అయితే ప్రభుత్వరంగ సంస్థ తవ్వుకోవడానికి అందులో వెసులుబాటు ఉంది. అందుకని ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి ప్రైవేటు కర్మాగారానికి అందించే ఏర్పాటు చేశారు. తీర్పును ధిక్కరించకుండానే దాని ఉద్దేశాన్ని పక్కన పెట్టారన్నమాట.

2015లో జీవో 97 ద్వారా 1,212 హెక్టార్ల అటవీభూమిని ఆ సంస్థకు కేటాయించారు. గిరిజనులు ఎదురుతిరగడంతో అది ఆగిపోయి, 2019లో రద్దయింది. కర్మాగారం ముందు కట్టి, కొండవారి సమ్మతి తరువాత కోరడమే నా అభ్యంతరం. కోట్ల రూపాయలు గుమ్మరించాక గ్రామసభ ముందుకు వెళ్ళడం అభిప్రాయం అడగడం కాదు, ఒప్పుకొమ్మని ఒత్తిడి చేయడం.

నేను గనులకు బద్ధవిరోధిని కాను. నా వంటింట్లోనూ అల్యూమినియం గిన్నెలున్నాయి. కానీ టన్నుకు ఇంత అని కట్టే ధరలో గెడ్డ నీటికి, కాఫీ తోటకు, నీడచెట్టును పట్టి పాకిన మిరియాల తీగకు ఎంత జమ వేశారు? ఖనిజం ఒక్కసారే అమ్ముడుపోతుంది, కాఫీ ఏటా కాస్తుంది. సుస్థిరత అన్న పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

2022లో జిల్లాలు విడిపోయి కర్మాగారం అనకాపల్లి జిల్లాలోను, కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను మిగిలాయి. రేపు మళ్ళీ ఒప్పందాల మాట వస్తే, కొండ కింద ఉన్న మనం ముందుగా అడగవలసింది ఉద్యోగాల లెక్క కాదు. పైనున్నవారు వద్దంటే ఆ మాట చెల్లుతుందా? చెల్లకపోతే, ఆ జిల్లాకు మనం పెట్టుకున్న పేరుకు అర్థమేమిటి?