అత్తయ్యగారి మాత్రకో మీట

"అమ్మాయ్, పొద్దుటి మాత్ర వేసుకున్నానంటావా?"

మా అత్తయ్యగారు ఈ ప్రశ్న రోజుకు ఎన్నిసార్లు అడిగేవారో లెక్కలేదు. పొయ్యి మీద పోపు చిటపటలాడుతుంటే నేనూ వెనక్కి తిరక్కుండానే "వేసుకున్నారుగా" అనేసేదాన్ని. కిందటి వేసవిలో ఒకరోజు మాత్రం "వేసుకున్నట్టు లేదండీ" అన్నాను. ఆవిడ బీపీ మాత్ర రెండోసారి వేసేసుకున్నారు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి తులసికోట దగ్గర కూలబడ్డారు. డాక్టరుగారు చూసి ప్రమాదం లేదన్నారు గానీ, ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

క్యాలెండరు మీద టిక్కు పెట్టమంటే పెన్ను కనబడదు. వారం గళ్ళ మాత్రల డబ్బా కొన్నాం. మంచి వస్తువే. కానీ ఆవిడకు సర్దే అలవాటు, మిగిలిన మాత్రలన్నీ తీసి మళ్ళీ సమంగా పంచి పెట్టేస్తారు! ఫోను మాత్రం ఎప్పుడూ ఒళ్ళోనే ఉంటుంది, పాటలకీ, మనవరాలితో మాటలకీ. ఆ ఫోనులోనే "వేసుకున్నాను" అని ఒక మీట ఉంటే ఎంత బావుండు అనిపించింది. ప్లే స్టోర్‌లో ఇలాంటివి రెండు మూడు దింపి చూశాను. అన్నీ ఇంగ్లీషు, మధ్యలో ప్రకటనలు. ఆవిడ భయపడి ఫోను పక్కన పెట్టేశారు.

"నేనే చేస్తాను" అంటే మావారు నవ్వారు. ఇంటర్ బైపీసీతో ఆగిపోయినదాన్ని, నవ్వరూ మరి! మా అబ్బాయి మాత్రం నవ్వలేదు. వాడి పాత ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టి 'యాప్ ఇన్వెంటర్' తెరిచాడు. దీన్ని 2010లో గూగుల్ వాళ్ళు తయారుచేశారు. 2012 నుంచి అమెరికాలోని ఎంఐటీ నడుపుతోంది. పైసా ఖర్చు లేదు, జీమెయిల్ ఉంటే చాలు. కంప్యూటర్ భాష రానివాళ్ళు కూడా ఆండ్రాయిడ్ ఫోనుకు యాప్ చేసుకునేందుకే పుట్టింది.

ఇందులో రెండు గదులుంటాయి. మొదటిది డిజైనర్. తెర మీద ఏది ఎక్కడ ఉండాలో ఇక్కడ పెట్టుకుంటాం. మీట, అక్షరాలు, బొమ్మ, అన్నీ పక్కనే ఉంటాయి, లాగి వదలడమే. రెండోది బ్లాక్స్. మీట నొక్కితే ఏం జరగాలో ఇక్కడ చెప్పాలి. పిల్లలు బొమ్మ ముక్కలు కలుపుతారే, అచ్చం అలాగే. ఆవపిండి రంగులో ఉండే "ఈ మీట నొక్కినప్పుడు" అనే ముక్కలోకి "ఇప్పటి టైము చూపించు" అనే ముక్కను ఇరికించాలి. ఇమడని ముక్క ఇమడనే ఇమడదు, అదే మనకు రక్ష. ఫోనులో 'ఎంఐటీ ఏఐ2 కంపానియన్' అనే యాప్ దింపుకుని, ల్యాప్‌టాప్, ఫోను ఒకే వైఫై మీద ఉంచి, తెర మీది క్యూఆర్ గళ్ళను ఫోనుకు చూపిస్తే మనం చేసేది చేసినట్టు ఫోనులో కనబడుతుంది. మొదటిసారి నా మీట ఫోనులో కనబడ్డప్పుడు, మొదటి కాన్పులో బిడ్డను చూసినంత... సర్లెండి, అంత కాదు గానీ, సంబరపడ్డాను.

సంబరం రాత్రికే తీరింది. యాప్ మూసి తెరిస్తే పొద్దుటి టైము మాయం! దాచమని చెప్పకపోతే యాప్‌కు ఏదీ గుర్తుండదట. 'టైనీ డీబీ' అని ఒక ముక్క ఉంది, మన పోపులపెట్టె లాంటిది. నొక్కినప్పుడు అందులో వేయాలి, తెర తెరుచుకోగానే అందులోంచి తీయాలి. నేను వేయడం చేశాను, తీయడం మరిచాను. మర్నాడు ఇంకో తిరకాసు. జూన్ 5 అయితే 06/05 అని చూపిస్తోంది. అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు కదా, ఆ వరస మార్చుకోవాలి.

ఇవన్నీ సరిచేసి అత్తయ్యగారి చేతికిచ్చాను. ఆవిడ ఏడుసార్లు నొక్కారు.

"నొక్కానో లేదో తెలియలేదే!" అన్నారు. తప్పు ఆవిడది కాదు, నాది. చిన్న మీట, బూడిద రంగు, నొక్కినా ఏ మార్పూ లేదు. నా కళ్ళతో చేశాను, నొక్కేది ఆవిడ వేళ్ళు. అప్పుడు ల్యాప్‌టాప్ మూసి, పాత నోటుపుస్తకంలో ఫోనంత గడి గీసి ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఈ పని మొదటే చెయ్యాల్సింది. ఎక్కడ వేలు పెడతారు, ఏ రంగు కనబడుతుంది, అన్నీ అడిగాను. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చందమామ అని ఆవిడే చెప్పారు. ఒక్కోటి సగం తెర. నొక్కగానే పచ్చగా మారి "వేసుకున్నారు" అని పెద్ద అక్షరాల్లో వస్తుంది, ఇక ఆ రోజుకు ఆ మీట పనిచేయదు. తేదీ మారితే మళ్ళీ తెరుచుకుంటుంది. ఈ ఒక్క ముక్కకే నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

అయినా నొక్కి మింగకపోతే యాప్‌కు ఏం తెలుస్తుంది? అందుకని ముందు నీళ్ళు, మాత్ర, ఆ తర్వాతే మీట అని మా ఇంట్లో నియమం. మోతాదు సంగతి మాత్రం డాక్టరుగారిదే.

మీ ఇంటివరకే అయితే 'బిల్డ్' అనేచోట ఏపీకే ఫైలు చేసుకుని ఫోనులో వేసుకోవచ్చు. బయటి యాప్ అని ఫోను హెచ్చరిస్తుంది. మనం చేసుకున్నది కనుక సరే. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పెళ్ళి శుభలేఖ అంటూ వాట్సాప్‌లో ఏపీకే పంపితే మాత్రం ముట్టుకోకండి, బ్యాంకు డబ్బు ఊడ్చేస్తారు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా సొంత పేరున ఖాతా తెరిచేవాళ్ళు 12 మందితో వరసగా 14 రోజులు వాడించి చూపాలి కూడా. ఐఫోను స్టోర్‌కైతే ఏటా 99 డాలర్లు. నేనింకా ఆ జోలికి పోలేదు.

మొన్న మా పిన్ని ఫోను చేసింది. ఆవిడకు షుగరు మాత్రలు మూడు పూటలా, అందులో ఒకటి అన్నానికి ముందట. సూర్యుడు, చందమామ ఉన్నాయి సరే, మధ్యాహ్నానికి ఏ బొమ్మ పెట్టాలా అని నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. "విస్తరాకు పెట్టవే" అంటున్నారు అత్తయ్యగారు.