కుక్క కంటి చుక్క మనిషి కంటికి చేరిన దారి

పొద్దున లేచేసరికి పెంపుడు కుక్క కంటి మూలల్లో పుసి గట్టిగా అంటుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, సాయంత్రానికి మళ్లీ అంతే. ఇన్‌ఫెక్షనేమోనని ఇంట్లోవాళ్లు మందుల షాపు నుంచి యాంటీబయాటిక్ చుక్కలు తెస్తారు. అసలు సంగతి చాలాసార్లు వేరు: ఆ కంట్లో కన్నీరే లేదు. పగ్, షిజూ, బుల్‌డాగ్, కాకర్ స్పానియల్ జాతులకు ఈ బెడద ఎక్కువ.

దీన్ని తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. షర్మర్ పట్టీ అనే సన్నటి కాగితం ముక్క కొస మడిచి కింది రెప్ప లోపల పెడతారు. నిమిషం ఆగుతారు. తడి 15 మిల్లీమీటర్లు పాకితే ఫర్వాలేదు. ఐదు కూడా పాకలేదంటే కన్ను ఎండిపోతున్నట్టే.

ఒకప్పుడు ఇలాంటి కుక్కకు దిక్కు ఓ వింత ఆపరేషన్. నోట్లోకి లాలాజలం తెచ్చే నాళాన్ని మళ్లించి కంట్లో కలిపేవారు. అన్నం గిన్నె కనబడగానే పాపం, దాని కళ్లు కారిపోయేవి! 1980లలో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో పశు నేత్రవైద్యురాలు రెనీ కాస్వాన్ ఈ జబ్బును మరో వైపు నుంచి చూశారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే కన్నీటి గ్రంథి మీద పడుతున్నాయని గ్రహించి, అవయవ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్‌ను కుక్కల కంట్లో వేసి చూశారు. ఆ మందు, దాడి చేసే టి-కణాలనే రోగనిరోధక కణాల్లోని కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాడి సద్దుమణిగింది, గ్రంథి మళ్లీ ఊరింది.

1995లో కుక్కల కోసం ఆప్టిమ్యూన్ అనే సైక్లోస్పోరిన్ లేపనానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2002 డిసెంబరులో అదే మందు రెస్టాసిస్ పేరుతో మనుషుల కళ్లకూ వచ్చింది. ముందు కుక్కకు, ఏడేళ్ల తర్వాత మనిషికి! దాని అమ్మకాలు ఏటా వంద కోట్ల డాలర్లు దాటాయి. పేటెంట్ల పోరు సాగి సాగి, తొలి జెనరిక్‌కు 2022లో గానీ అనుమతి దొరకలేదు. పశువుల ఆస్పత్రిలో కంటి మందుగా మారిన ఔషధం కోసం సామాన్యుడు ఇరవై ఏళ్లు ఎదురుచూడాల్సి రావడం అన్యాయం.

కన్నీరంటే ఉప్పునీరే కదా అనుకుంటాం. అందులో సూక్ష్మక్రిముల గోడలు కూల్చే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉందని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లోనే ప్రకటించారు. పరీక్షలకు కన్నీరు చాలక కళ్లలో నిమ్మరసం పిండించుకున్నారట. మనిషి కన్నీటిలో ఇది దండిగా ఉంటుంది, ఆవు కన్నీటిలో చాలా తక్కువ.

కాపాడే ఎంజైమ్‌లే కాదు, హద్దు మీరితే కంటినే తినేసేవీ అక్కడే ఉంటాయి. గుర్రం కార్నియా మీద గీత పడి పుండయితే, ఎంఎంపీలనే ఎంజైమ్‌లు పెచ్చుమీరి కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. అద్దంలా మెరవాల్సిన పొర జావలా జారిపోతుంది. పుండు పడిన గుర్రాల కన్నీటిలో ఇవి ఎక్కువగా ఉంటాయనీ, మానేకొద్దీ తగ్గుతాయనీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పశువైద్యులు కొలిచి చూపారు. ఆ కరుగుడును ఆపే మందుల్లో ఒకటి ఆ గుర్రం రక్తం నుంచే తీసిన సీరం. దాన్ని గంటకో, రెండు గంటలకో చుక్కలుగా వేస్తారు. ఇలాంటి పుండులో స్టెరాయిడ్ చుక్క పడితే మాత్రం కన్ను చేజారినట్టే. ఇదే కుటుంబానికి చెందిన ఎంఎంపీ-9ను మనుషుల కన్నీటిలో నిమిషాల్లో పట్టే పరీక్షకు 2013లో ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది.

ఇక మన దగ్గరికొస్తే, నేత్రవైద్యుడు గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికాలోని రోచెస్టర్‌ నుంచి తిరిగొచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నిలబెట్టారు. పూర్తిగా ఎండిన కళ్లకు పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథులను అతికించే శస్త్రచికిత్స ఇప్పుడక్కడ జరుగుతోంది. ఒకనాటి కుక్కల ఆపరేషన్‌కు అది దగ్గరి చుట్టం. అదే ఊళ్లో రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఈ రెండు చోట్ల చదువుకునే పిల్లలు నెలకోసారైనా ఒకే కేసు ముందు కలిసి కూర్చోవాలి. జిల్లాల్లోని ప్రతి పశువుల ఆస్పత్రి బల్ల సొరుగులో షర్మర్ పట్టీల పెట్టె ఒకటి ఉండాలి. కన్ను ఎర్రబడిన ఎద్దును తోలుకొచ్చిన రైతు చేతిలో ఏదో ఒక చుక్కల సీసా పెట్టి పంపే ముందు, ఆ కంట్లో పుండుందో లేదో రంగు చుక్క వేసి చూడాలి.