రచన పాఠానికి గైడెందుకు?

డిగ్రీ జనరల్ తెలుగులో 2020-21 సిలబస్ నుంచి ‘సృజనాత్మక రచన’ ఒక సెమిస్టర్ పాఠ్యాంశమైంది. కథ, వ్యాసం, అనువాదం, పత్రికా రచన నేర్పాలన్నది ఉద్దేశం. ఆలోచన మంచిదే. పరీక్షలు దగ్గరపడేసరికి మాత్రం పిల్లల చేతుల్లో గైడే కనిపిస్తుంది. రాయడం నేర్పే పాఠాన్ని కూడా బట్టీ పట్టించడం అన్యాయం.

దీనికి విరుగుడు స్వేచ్ఛా పాఠ్య సామగ్రి. ఎవరైనా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, తమ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. 2019లో యునెస్కో దీన్ని సభ్య దేశాలకు సిఫారసు చేసింది. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ ఈ కోవలోకి రాదు. అది ఊరికే దొరుకుతుంది గానీ, మార్చుకునే హక్కునివ్వదు.

తెలుగులో ఇలాంటి సరుకు తక్కువేమీ కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో ఒకసారి అచ్చయింది, దాదాపు తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది కాబట్టి రెండూ అందరివే. ఒక్క సన్నివేశాన్ని రెండు కూర్పుల్లోనూ పక్కపక్కన పెట్టి చదివిస్తే, తిరగరాయడమంటే ఏమిటో ఏ గైడూ అంత బాగా చెప్పలేదు.

స్వేచ్ఛా గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్ ఇంకో బడి. ఒక పక్క పాత పుస్తకం పేజీ బొమ్మ, మరో పక్క కంప్యూటర్ గుర్తుపట్టిన పాఠం ఉంటాయి. ‘ధ’ను ‘థ’గా చదివిందా, అరసున్న వదిలేసిందా అని అక్షరం అక్షరం చూసి దిద్దాలి. మరొకరు సరిచూస్తేనే ఆ పేజీ పచ్చరంగులోకి మారుతుంది. నెల రోజులు ఈ పని చేసిన విద్యార్థి తన వాక్యాన్నీ అదే కంటితో చూస్తాడు.

కొల్లేటికోట, కైకలూరు వైపు నుంచి ఏలూరు కాలేజీలకు వెళ్లే పిల్లలకైతే విషయం ఇంటి ముందే ఉంది. ఐదో కాంటూరు దాకా కొల్లేరు సరస్సును అభయారణ్యం చేసిన 1999 నాటి జీవో 120ని ఊళ్లో పెద్దలకు అర్థమయ్యే తెలుగులో రాయమనాలి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజుల గురించి, మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్ల మాటల్లోనే, మరో వ్యాసం రాయించాలి. అనువాదం, పత్రికా రచన రెండూ అందులోనే వచ్చేస్తాయి.

ఇవాళ అసైన్‌మెంట్ మార్కులు పడగానే కట్టలో చేరిపోతోంది. రాసిన పిల్లల అనుమతితో దాన్ని, మార్చుకునే హక్కునిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెడితే, వచ్చే ఏడాది పిల్లలకు అదే పాఠమవుతుంది.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు తెలుగు అధ్యాపకులకు ఈ పత్రిక విన్నపం ఒక్కటే: ఈ సెమిస్టర్‌లో ఒక్క యూనిట్ పాఠాన్నైనా కలిసి రాయండి, లైసెన్సు స్పష్టంగా వేసి అందరికీ వదలండి.